ఆదివారం కూరతో సోమవారం ఫ్రైడ్ రైస్

ఫ్రైడ్ రైస్ చేసే పద్ధతి ఎవరు చెప్పినా దాదాపు ఒకే మాటతో మొదలుపెడతారు: నిన్న మిగిలిన మాంసాన్ని చిన్న ముక్కలుగా తరిగి పక్కన పెట్టుకోండి, అని. చైనాలోనో అమెరికాలోనో ఉన్నవారికి ఆ మాట సరిపోతుంది, ఎందుకంటే అక్కడి వంటింట్లో మిగిలేది నిప్పుల మీదో ఓవెన్‌లోనో కాల్చిన పొడి మాంసం. మన ఇళ్ళలో ఆదివారం రాత్రికి మిగిలేది కూర. ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, గసగసాలు, ఎండుకొబ్బరి కలిసి చిక్కబడిన ఇగురు, అందులో మునిగి ఉన్న కొన్ని ముక్కలు, ఎవరూ తీసుకోని మెడ ఎముకలు, పైన తేరిన నూనె, ఇవన్నీ ఒకే గిన్నెలో ఉంటాయి. దాన్ని అలాగే అన్నంలో వేసి గరిటె తిప్పితే వచ్చేది కూర కలిపిన అన్నమే గాని ఫ్రైడ్ రైస్ మాత్రం కాదు. అన్నం ముద్దకడుతుంది, మెతుకులు ఎర్రగా తడిసిపోతాయి, ముక్కలు ఒకచోట, మసాలా మరొకచోట చేరుకుంటాయి.

కూర కలిపిన అన్నాన్ని నేను తక్కువ చేయడం లేదు. మాంసం వేపుడు దించిన మూకుడులో అడుగుకు అంటుకున్న మసాలాను వదలగొట్టడానికి ఇంత వేడి అన్నం వేసి, అట్లకాడతో గీకి కలిపి, ఆ మూకుడు చుట్టూ కూర్చున్న పిల్లలకు తలా ఒక ముద్ద పెట్టడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటే. చెప్పాలంటే ఫ్రైడ్ రైస్‌కు మన వంటింట్లో దగ్గరి చుట్టం అదే. రాత్రి మిగిలిన అన్నానికి ఆవాలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకుతో పెట్టే పోపన్నం రెండో చుట్టం. ఈ రెండూ తెలిసినవారికి ఫ్రైడ్ రైస్ కొత్త విద్యేమీ కాదు. కూరను ఎలా విడదీయాలో తెలుసుకుంటే చాలు.

ఈ వంటకంలో అందరూ ముందుగా చెప్పుకునే పేరు చైనాలోని యాంగ్‌జౌ నగరానిది. కాల్చిన పంది మాంసం, రొయ్యలు, గుడ్డు, ఉల్లికాడలు వేసి అక్కడి పేరుతో చేసే ఫ్రైడ్ రైస్ ప్రపంచమంతటా తిరిగింది. 2015 అక్టోబరులో ఆ నగరంలోనే 4,192 కిలోల ఫ్రైడ్ రైస్‌ను ఒకేసారి వండి గిన్నిస్ రికార్డుకు ప్రయత్నించారు. తీరా అందులో కొంత భాగం పందుల మేతకు పోయిందని తెలిసి, వండినది మనుషులు తినాలన్న నియమం ప్రకారం గిన్నిస్ సంస్థ ఆ రికార్డును రద్దు చేసింది. మిగిలినదాన్ని పారేయకూడదనే పుట్టిన వంటకానికి అలా జరగడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

అసలు విషయానికి వస్తే, మిగిలిన కూరను మూడు భాగాలుగా చూడాలి: కొవ్వు, ఇగురు, ముక్క. ఈ మూడూ మూకుడులోకి వేర్వేరు సమయాల్లో వెళ్ళాలి. కూర గిన్నెను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే ఈ విభజనలో సగం పని దానంతట అదే అయిపోతుంది. మేక, గొర్రె మాంసాల కొవ్వు గదిలో ఉండే వేడికే గడ్డకట్టే రకం కాబట్టి పొద్దున్నకల్లా అది కూర పైన పలకలాగా తేలి గట్టిపడి ఉంటుంది. వంటనూనె ఎక్కువగా వాడినవారికి ఆ పలక కొంచెం మెత్తగా ఉంటుంది, అంతే తేడా. దాన్ని చెంచాతో తీసి వేరే గిన్నెలో పెట్టుకోవాలి. చాలామంది దీన్ని చూసి భయపడి పారేస్తారు. నా దృష్టిలో మిగిలిన కూరలో అన్నిటికన్నా విలువైనది అదే, ఎందుకంటే కారంలోని ఎరుపూ, లవంగం, దాల్చినచెక్కల సువాసనా నూనెలో కరిగేవి. ఆదివారం పడిన శ్రమంతా ఆ కొవ్వులో దాగి ఉంటుంది. ఫ్రైడ్ రైస్‌కు కొత్త నూనె పోసే బదులు ఈ కొవ్వును రెండు చెంచాలు కరిగిస్తే మెతుకు మెతుకుకూ మాంసపు రుచి అందుతుంది. సరిపోకపోతేనే వేరుశనగ నూనె కలపాలి.

కొవ్వు తీశాక కింద ఉన్న ఇగురు కొంచెం జున్నులా వణుకుతూ కనిపిస్తుంది. ఎముకల చుట్టూ, కండరాల మధ్యా ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తి ఎక్కువసేపు ఉడికి జెలటిన్‌గా మారడం, అది చల్లబడి గట్టిపడడం దీనికి కారణం. ముక్కలను ఇందులోంచి చల్లగా ఉండగా లాగితే చిరిగిపోతాయి గనుక, గిన్నెను సన్నని మంట మీద గోరువెచ్చగా చేసి, ఇగురు జారుగా అవగానే ముక్కలను వేరే పళ్ళెంలోకి తీసుకోవాలి. ఎముకల నుంచి కండను చేత్తోనే ఒలిచి, పీచు అడ్డంగా తెగేలా కత్తితో తరగాలి. ముదురు మాంసం నమలడానికి కష్టమయ్యేది పొడవాటి పీచు వల్లే. శనగగింజ కన్నా కాస్త పెద్దగా ఉన్న ముక్క అన్నంతో కలిసి నోటికి వస్తుంది, అంతకన్నా పెద్దదైతే విడిగా మిగిలిపోతుంది. ఒలిచిన ఎముకలను నీళ్ళలో వేసి, నాలుగు మిరియాలు తగిలించి కుక్కర్‌లో పెడితే సాయంత్రానికి చారు సిద్ధమవుతుంది. అది వేరే కథ.

ఉడికిన మాంసాన్ని మరుసటి రోజు వేడిచేస్తే ఒక రకమైన నిలవ వాసన వస్తుందని కొందరు ముక్కు చిట్లిస్తారు. అది పాడైపోయిన వాసన కాదు. ఉడికేటప్పుడు మాంసంలోంచి విడుదలైన ఇనుము, కొవ్వుతో గాలిలోని ఆక్సిజన్ కలిసే వేగాన్ని పెంచడం వల్ల పుట్టే వాసన అది. ఉత్త ఉప్పుతో కాల్చిన మాంసంలో ఇది త్వరగా తెలుస్తుంది. మన కూరల్లో వేసే లవంగం, దాల్చినచెక్క వంటి దినుసులకు ఈ ఆక్సీకరణాన్ని అడ్డుకునే గుణం ఉండడం వల్లా, ముక్క ఇగురులో మునిగి గాలికి దూరంగా ఉండడం వల్లా మిగిలిన కూరకు ఈ బెడద తక్కువ. అందుకే ముక్కలను రాత్రే వేరుచేసి పెట్టుకోవద్దని నేను చెబుతాను. వండే ముందు మాత్రమే తీయాలి.

ఇక మిగిలింది ఇగురు. దీనిని మూకుడులో ఒంటరిగా వేసి, నీరంతా ఇగిరిపోయి నూనె అంచుల్లో కనపడేదాకా కలుపుతూ ఉండాలి. పావు లీటరు ఇగురు నాలుగైదు చెంచాల ముద్దగా మారుతుంది. బజారు ఫ్రైడ్ రైస్‌లో సోయా సాస్ చేసే పనిని మన ఇంట్లో ఈ ముద్ద చేస్తుంది: ఉప్పు, రంగు, మాంసపు సారం మూడూ ఇందులోనే ఉన్నాయి. గసగసాలు, కొబ్బరి వేసిన ఇగురు పెద్ద మంట మీద అడుగంటి మాడిపోతుంది గనుక ఈ పని మధ్యస్థమైన సెగ మీదే చేయాలి. ఉప్పు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. నీరు ఇగిరిపోయినా ఉప్పు ఎక్కడికీ పోదు కాబట్టి ఆ ముద్ద నాలుక మీద చాలా ఉప్పగా తగులుతుంది, తగలాలి కూడా. అన్నంలో ఉప్పు లేదు కదా.

అన్నం విషయంలో నాకు కొంచెం పట్టుదల ఎక్కువ. ఫ్రైడ్ రైస్ అంటే బాస్మతి తప్ప పనికిరాదనేవారి మాటతో నేను ఏకీభవించను. బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే రైతులు బీపీటీ 5204 అని పిలిచే రకం, రెండు రాష్ట్రాల్లోనూ ఇంటింటికీ చేరిన బియ్యం, దానితోనే మంచి ఫ్రైడ్ రైస్ వస్తుంది. అయితే బియ్యం పాతదై ఉండాలి. కొత్త బియ్యంతో వండిన అన్నం మెత్తబడి అంటుకుంటుంది, ఎంత ఫ్రిజ్‌లో పెట్టినా ఆ గుణం పోదు. రెండో షరతు గంజి. కుక్కర్‌లో నీళ్ళు ఇగిరేలా వండిన అన్నంలో, ఉడికేటప్పుడు బయటికి వచ్చిన పిండిపదార్థమంతా మెతుకుల మీదే ఉండిపోయి జిగురవుతుంది. గిన్నె నిండా నీళ్ళు మరిగించి, బియ్యం పోసి, కొంచెం పలుకు ఉండగానే గంజి వారిస్తే ఆ జిగురంతా గంజితో పోతుంది. మా నాయనమ్మ కాలంలో రోజూ చేసిన పని ఇది, ఇప్పుడు బిర్యానీకి తప్ప ఎవరూ చేయడం లేదు. కుక్కర్ తప్పదనుకునేవారు గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోసే చోట గ్లాసున్నర పోస్తే కొంతవరకు ఫలితం ఉంటుంది.

వండిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పరిచి, ఆవిరి పోనిచ్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. చల్లటి అన్నమే ఎందుకు కావాలంటే, ఉడికినప్పుడు నీళ్ళు పీల్చి విచ్చుకున్న పిండిపదార్థపు అణువులు చల్లబడుతున్నప్పుడు మళ్ళీ దగ్గరగా చేరి గట్టిపడతాయి, మెతుకు పైభాగం ఆరిపోతుంది. ఈ మార్పు ఫ్రిజ్‌లో ఉండే చల్లదనంలో అన్నిటికన్నా వేగంగా జరుగుతుంది. గట్టిపడిన మెతుకు మూకుడులో విరగకుండా దొర్లుతుంది, నూనెను పైపైనే పట్టుకుంటుంది. వేడి అన్నంతో ఇదే ప్రయత్నం చేస్తే ముందు మెతుకు విరుగుతుంది, తరువాత ముద్దవుతుంది.

ఫ్రిజ్ మాట వచ్చింది కనుక ఒక హెచ్చరికను కొంచెం విస్తరించి చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో మాంసం విషయంలో చూపే జాగ్రత్త అన్నం విషయంలో చూపరు. రాత్రి మిగిలిన అన్నం గిన్నెలోనే, గట్టు మీదే, మూతపెట్టి తెల్లవారేదాకా ఉంచడం మామూలు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి, వాటిలో కొన్ని వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా చెడిపోదని తేలింది, ప్రెషర్ కుక్కర్ లోపలి వేడి కూడా సుమారుగా అంతే. కాబట్టి బాగా వేయించాం కదా, క్రిములన్నీ చచ్చిపోతాయి అనే ధైర్యం ఇక్కడ చెల్లదు. 1971లో బ్రిటన్‌లోని చైనా హోటళ్ళలో తిన్నవారు వరుసగా వాంతుల పాలైనప్పుడు ఈ సంగతి బయటపడింది. వండిన అన్నాన్ని బయటే ఉంచి మరునాడు వేయించి వడ్డించడమే కారణమని తేలింది. వండిన పదార్థం రెండు గంటలకు మించి బయట ఉండరాదని, వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఒక గంటకే లోపల పెట్టాలని అమెరికా ప్రభుత్వ ఆహార భద్రతా నియమాలు చెబుతాయి. మన ఊళ్ళలో ఏప్రిల్, మే నెలల రాత్రులు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు.

మరి తాతముత్తాతలు చద్దన్నం తిని బతకలేదా అని అడిగేవారు ఉంటారు. చద్దన్నాన్ని పొడిగా ఉంచరు, నీళ్ళు పోసో మజ్జిగ కలిపో ఉంచుతారు. రాత్రంతా అది పులిసి పుల్లబడుతుంది, ఆ పులుపే హానికరమైన క్రిములను చాలావరకు ఎదగనివ్వదు. పొడి అన్నానికి ఆ రక్షణ లేదు. కూర సంగతి కూడా ఇలాంటిదే: పండుగనాటి పెద్ద తపేలాలో మిగిలిన మాంసం కూర మధ్యభాగం చల్లబడడానికి చాలా గంటలు పడుతుంది, ఆ వ్యవధి క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే మరో బాక్టీరియాకు అనుకూలం. అందుకే రెండు మూడు చిన్న, లోతులేని గిన్నెల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. మాంసం కూర అక్కడ మూడు రోజులు ఉంటుంది, అన్నాన్ని మాత్రం మరునాడే వాడేయాలి.

ఇక పొయ్యి దగ్గరికి. హోటల్ పొయ్యికీ మన గ్యాస్ పొయ్యికీ మంటలో ఉన్న తేడాను ఏ చిట్కా పూడ్చలేదు, కానీ కొద్దికొద్దిగా చేయడం వల్ల ఆ లోటు చాలావరకు తెలియకుండా పోతుంది. ఇనుప మూకుడులో ఒకసారికి ఇద్దరికి సరిపడా, అంటే మూడు కప్పుల చల్లటి అన్నం కన్నా ఎక్కువ వేయకూడదు. ఎక్కువ వేస్తే మూకుడు చల్లబడి, అన్నం వేగడానికి బదులు తన ఆవిరిలో తానే ఉడుకుతుంది. నలుగురు ఉంటే రెండుసార్లు చేయండి, ఓపిక పట్టండి. అన్నాన్ని ముందుగానే చేతులు తడిచేసుకుని గడ్డలు లేకుండా విడదీసి పెట్టుకోవాలి. మూకుడులో విడదీద్దాంలే అనుకుంటే అట్లకాడ దెబ్బలకు మెతుకులు నుగ్గయిపోతాయి.

మూకుడు పొగ వచ్చేదాకా కాలాక, తీసి పెట్టుకున్న కొవ్వు రెండు చెంచాలు వేసి, అది కరిగి వేడెక్కగానే ముప్పావు కప్పు తరిగిన ముక్కలను పలుచగా పరవాలి. ఒక నిమిషం పాటు వాటిని కదపకూడదు. ముక్కలకు అంటుకున్న జెలటిన్, మసాలా కలిసి అడుగున వేగి, అంచులు కరకరలాడేదాకా ఆగడమే ఈ వంటలో అసలు కిటుకు. అప్పటికే ఉడికి మెత్తబడిన ముక్కకు మళ్ళీ పంటికి తగిలే గుణం రావాలంటే ఇది తప్ప మార్గం లేదు. తరువాత ఒకసారి తిప్పి, పళ్ళెంలోకి తీసేయాలి. ఎక్కువసేపు ఉంచితే కండలో మిగిలిన కాస్త తేమా పోయి బెరడవుతుంది. అదే కొవ్వులో రెండు గుడ్లు కొట్టి పోసి, పొరటుగా అయ్యీ కానట్టు ఉండగానే వాటినీ తీయాలి. ఇప్పుడు మరో చెంచా కొవ్వు, సన్నగా తరిగిన వెల్లుల్లి, చీల్చిన పచ్చిమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు, ఒక పెద్ద ఉల్లిపాయ ముక్కలు వేయాలి. ఉల్లిపాయ ఎర్రబడనక్కరలేదు, కూరలో ఉన్నది ఎలాగూ ఎర్రగా వేగిన ఉల్లిపాయే కదా, ఇక్కడ పచ్చిదనం కొంచెం మిగిలితేనే బాగుంటుంది.

అన్నం వేసి పెద్ద మంట మీద రెండు మూడు నిమిషాలు, మెతుకులు మూకుడులో చిటపటమని ఎగిరేదాకా కలపాలి. అప్పుడు మాత్రమే దగ్గరగా చేసిన ఇగురు ముద్ద రెండు చెంచాలు మూకుడు అంచు చుట్టూ వేసి, ఇనుమును తాకి సుయ్యిమన్నాక అన్నంలోకి కలుపుకోవాలి. నేరుగా అన్నం మధ్యలో వేస్తే ఆ చోట ముద్దకడుతుంది. ముక్కలు, గుడ్డు తిరిగి వేసి, మిరియాల పొడి చల్లి, అన్నీ పొగలు కక్కేలా వేడెక్కాక దించాలి. మాంసం 74 డిగ్రీలకు చేరాలన్నది నియమం, థర్మామీటరు లేనివారికి ముక్క నోట్లో పెట్టుకోలేనంత వేడిగా ఉందా అన్నదే కొలత. దించాక నిమ్మరసం పిండి, ఉల్లికాడలు గాని కొత్తిమీర గాని చల్లుకోవచ్చు.

సోయా సాస్ వేయాలా అని కొందరు అడుగుతారు. ధనియాలు, గసగసాలు వేసిన కూరతో చేసినప్పుడు వద్దు. రెండు రుచులూ ఒకదానికొకటి అడ్డుపడి రెండూ చెడతాయి. ఉప్పూ మిరియాలతో మాత్రమే చేసిన వేపుడు మిగిలితే ఒక చెంచా వేసుకోవచ్చు. అజినొమోటో గురించి నాకు భయం లేదు, అవసరమూ లేదు. అజినొమోటో ఇచ్చే రుచి సముద్రపు నాచు చారులోనూ ఉంటుంది, దానికి మూలం గ్లూటమేట్ అని జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో కనిపెట్టాడు. ఎక్కువసేపు మగ్గిన మాంసపు ఇగురులో, టమాటా వేసిన కూరలో ఆ గ్లూటమేట్ సహజంగానే ఉంటుంది. దగ్గరగా చేసిన ముద్దలో అది ఇంకా చిక్కగా ఉంటుంది.

అన్ని కూరలూ దీనికి పనికిరావు. ఖీమా అన్నిటికన్నా తేలిక, తరిగే పని కూడా ఉండదు. బ్రాయిలర్ కోడి కూర బాగానే ఉంటుంది గాని ముక్కలు పీచులుగా విడిపోతాయి, వాటిని కత్తితో కాక చేత్తోనే చీల్చుకోవాలి. కనుమనాడు వండిన నాటుకోడి పులుసు మిగిలితే మాత్రం నేను ముక్కనుమనాడు తప్పకుండా ఇదే చేస్తాను, ఎందుకంటే వయసు ముదిరిన నాటుకోడి కండ రెండోసారి వేగినా బిగువు కోల్పోదు. పులుసు పలుచనిది గనుక దగ్గర చేయడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, చింతపండు వేసి ఉంటే చివర నిమ్మరసం మానేయాలి. గోంగూర మాంసాన్ని ఇందులోకి లాగవద్దు. గోంగూర ముద్ద అన్నాన్ని విడివిడిగా ఉండనివ్వదు, దానికి వేడి అన్నమే సరైన జోడి. కార్జం మళ్ళీ వేయిస్తే రాయిలా గట్టిపడుతుంది, రొయ్యలు రబ్బరులా సాగుతాయి. చేపల పులుసు మరునాటికి దానంతట అదే రుచి పెరిగే వంట, దాన్ని కదపడం అన్యాయం.

మా అత్తగారిది వరంగల్లు వైపు. దసరాకు తెచ్చిన మాంసంలో ఎక్కువైనదాన్ని వండకముందే పొడవాటి చీలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, తాడు మీద ఎండబెట్టి ఒట్టి తునకలు చేసి పెట్టే అలవాటు ఆవిడకు ఇప్పటికీ ఉంది. ఆ తునకలను నీళ్ళలో కాసేపు నానబెట్టి, దంచి, నూనెలో వేయించి ఇదే అన్నంలో వేస్తే కొన్ని ముక్కలు చాలు. ఉప్పు మాత్రం మరింత తగ్గించాలి.

పక్కన పెరుగు పచ్చడి, పచ్చి ఉల్లిపాయ చక్రాలు ఉంటే సరిపోతుంది, సాస్ సీసాలు అక్కరలేదు. చేసినదంతా ఆ పూటే తినేలా కొలత చూసుకుని వండండి. ఒకసారి ఉడికి, చల్లబడి, మళ్ళీ వేగిన అన్నాన్నీ మాంసాన్నీ ఇంకోసారి ఫ్రిజ్‌లో పెట్టి మూడోసారి వేడిచేయడం మంచిది కాదు. ఇగురు ముద్ద మిగిలితే దాన్ని చిన్న డబ్బాలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి, వచ్చే వారం గుడ్లు ఉడకబెట్టి వేపుడు చేసేటప్పుడు పనికి వస్తుంది.